77 అంబాసిడరా, 86 పద్మినా? ఘాట్ రోడ్డు మీద ఏది లాగుతుంది?

గోదారి_గట్టు

పాత బండి ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. ఇన్నాళ్లకి ఇంట్లో పర్మిషన్ దొరికింది. ఇప్పుడు చేతిలో రెండు బేరాలున్నాయి. ఒకటి 1977 అంబాసిడర్ మార్క్ 3, పెట్రోలు, తునిలో ఉంది. రెండోది 1986 ప్రీమియర్ పద్మిని, కాకినాడలో. రేటు ఇంచుమించు ఒకటే. రెండూ కండిషన్లో ఉన్నాయనే చెబుతున్నారు, అమ్మేవాళ్లు ఇంకేం చెబుతారు.

రోజువారీ తిరగడానికి కాదు. ఆదివారాలు, పండగలు. రాజమండ్రి నుంచి అన్నవరం, లేదంటే మారేడుమిల్లి. మారేడుమిల్లి దాటితే ఘాట్ ఎక్కాలి కదా, అదీ నలుగురితో, సామానుతో.

మా బావేమో "1500 సీసీ ఎక్కడ, 1100 సీసీ ఎక్కడ, ఇందులో ఆలోచించేదేముంది" అంటాడు. మా పక్కింటాయన ఒకప్పుడు ఫియట్ నడిపారు, పద్మిని అంటే ఆ ఫియటే. ఆయన దృష్టిలో అంబాసిడర్ అంటే లారీకి చెల్లెలు. వీళ్లిద్దరి మధ్య నా బుర్ర వేడెక్కిపోతోంది.

పికప్, లాగుడు, బ్రేకులు, ఇంజను వేడెక్కడం. ఈ నాలుగూ తేల్చండి. సెంటిమెంట్లు వద్దు, నడిపినవాళ్లు చెబితే చాలు.

కమాన్‌పట్టీ

మీ బావగారు చెప్పిందే రైటు. మా నాన్నగారు నర్సీపట్నంలో అంబాసిడర్ టాక్సీ తిప్పారు. ముందు సీట్లో డ్రైవరు కాక ఇద్దరు, వెనక ఐదుగురు, పిల్లలు అసలు లెక్కలోకే రారు. డిక్కీలో పెళ్లివారి గంగాళాలు. అదే లోడుతో లంబసింగి ఘాట్ ఎక్కేది. ఫియట్‌లో ఆ జనాన్ని ఎక్కిస్తే వెనక బంపరు రోడ్డుకి రాసుకుంటుంది.

ఫియట్_పిచ్చోడు

ఎక్కేది సరే. పొద్దున బయల్దేరితే ఏ పూటకి ఎక్కేది?

ఊరకే_చూస్తున్నా

మొదలెట్టార్రా బాబూ. టీ పెట్టుకుని వస్తా.

లెక్కలమాస్టారు

సెంటిమెంట్లు వద్దన్నారు కాబట్టి అంకెలు చూద్దాం.

అంబాసిడర్ బోరు, అంటే సిలిండరు వెడల్పు, 73 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9. మొత్తం 1489 సీసీ. పద్మిని బోరు 68, స్ట్రోకు 75. మొత్తం 1089 సీసీ. పవరు అంబాసిడర్‌ది సుమారు 50 హార్స్‌పవర్, అది 4,200 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. పద్మినిది సుమారు 40, దానికి ఇంజను 5,000 దాకా తిరగాలి.

ఇంతవరకూ బావగారిదే గెలుపు. ఇప్పుడు బరువు వేయండి. పద్మిని 895 కిలోలు. అంబాసిడర్ 1,120 చుట్టుపక్కల. భాగించి చూడండి: టన్నుకి అంబాసిడర్‌కి 44.6 హార్స్‌పవర్, పద్మినికి 44.7. సమానం! 400 సీసీ తేడా మొత్తం ఆ ఇనుమే మింగేసింది.

కానీ ఇది ఖాళీ బండి లెక్క. నలుగురూ సామానూ కలిపి 300 కిలోలు అనుకుందాం. అప్పుడు అంబాసిడర్‌కి టన్నుకి 35, పద్మినికి 33.5. ఎనిమిది మందిని కుక్కి 500 కిలోలు చేస్తే 31, 28.7. అంటే లోడు పెరిగేకొద్దీ పెద్ద ఇంజను వైపు మొగ్గుతుంది. కమాన్‌పట్టీ గారి పెళ్లి బృందం కథలో నిజం ఉంది. ఫియట్_పిచ్చోడు గారి ఎత్తిపొడుపులోనూ ఉంది, ఎందుకంటే ఇద్దరే వెళ్తే తేడా ఏమీ లేదు.

ఇంకో సంగతి. పూర్తి పవరు వచ్చే ఆ ఆర్‌పీఎం దగ్గర రెండింటి పిస్టన్ వేగమూ సెకనుకి దాదాపు 12.5 మీటర్లే. స్ట్రోకు పొడుగు కాబట్టి అంబాసిడర్ నెమ్మదిగా తిరిగినా పిస్టన్ అంతే దూరం పరిగెత్తాలి. ఫియట్ గొంతు చించుకుంటోందనీ అంబాసిడర్ నిమ్మళంగా ఉందనీ అనిపిస్తుంది గానీ లోపల ఇద్దరి అవస్థా ఒకటే.

చార్మినార్_చక్రం

మాస్టారూ, బ్రోషర్ హార్స్‌పవర్ నమ్మి లెక్కలు కట్టొద్దు. ఆ రోజుల్లో చాలామంది ఇంజనును బెంచి మీద పెట్టి, ఫ్యానూ డైనమో సైలెన్సరూ తీసేసి కొలిచిన అంకెనే వేసేవాళ్లు. చక్రాల దగ్గరికి వచ్చేసరికి అందులో ఎంత మిగులుతుందో మీకే తెలుసు. పైగా ఒకటి నలభై ఏళ్ల బండి, ఇంకోటి యాభైకి దగ్గర పడింది. కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి ఎంత మిగిలిందో చూసేది) చేయించకుండా 50, 40 అనుకోవడం దండగ.

లెక్కలమాస్టారు

ఒప్పుకుంటా. కానీ రెండు బ్రోషర్లూ ఒకేలా కోస్తే పోలిక మారదు కదా.

ఆటోనగర్_66

మారుతుంది మాస్టారూ. ఎందుకో చెప్తా. బెజవాడ ఆటోనగర్లో రెండు రకాల ఇంజన్లూ విప్పినవాణ్ణి.

అంబాసిడర్‌కి బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. మొండి ఘటం. నీళ్లు తగ్గి వేడెక్కినా ఆపి చల్లార్చి నీళ్లు పోస్తే మళ్లీ నడుస్తుంది, చాలాసార్లు. ఫియట్‌కి బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. అందుకే తేలిక. కానీ ఒకసారి గట్టిగా వేడెక్కిందంటే హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. ఆయిల్ మూత తీసి చూడండి, లోపలి వైపు తెల్లగా మీగడలాంటిది అంటుకుని ఉంటే ఆ బండి జోలికి వెళ్లొద్దు.

ఇంకోటి. మన దేశంలో 2000 నుంచి లెడ్ కలపని పెట్రోలే. పాత ఇనుప హెడ్డులో వాల్వు కూర్చునే చోటు మెత్తగా ఉంటుంది, లెడ్ ఉన్నప్పుడు అది కాపాడేది. ఇప్పుడు గట్టి సీట్లు వేయించని అంబాసిడర్‌ని హైవే మీద తొక్కి నడిపితే వాల్వులు మెల్లగా లోపలికి దిగిపోతాయి, కంప్రెషన్ పడిపోతుంది. ఫియట్ హెడ్డులో సీట్లు విడిగా బిగించినవే కాబట్టి ఆ బాధ తక్కువ. అమ్మేవాణ్ణి "హెడ్ వర్క్ ఎప్పుడు చేయించారు, సీట్లు మార్చారా" అని అడగండి. నీళ్లు నమిలితే చేయించలేదని అర్థం.

గోదారి_గట్టు

ఇది నాకు తెలీదు. రాసుకున్నా. మరి ఘాట్లో వేడెక్కడం సంగతి?

ఆటోనగర్_66

రెండింటికీ రేడియేటర్ ఫ్యాను ఇంజనుకి బెల్టుతో కట్టి ఉంటుంది. ఇప్పటి కార్లలోలా కరెంటు ఫ్యాను కాదు. ఘాట్లో మీరు నెమ్మదిగా, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కుతుంటే ఫ్యానూ నెమ్మదిగానే తిరుగుతుంది. గాలి కూడా ఎదురు రాదు. అందుకని టాప్ గేర్లో ఈడవకుండా ఒక గేరు తగ్గించి ఎక్కాలి. ఫియట్ వాళ్లకి ఇది అలవాటే, ఎలాగూ గేరు తగ్గించక తప్పదు. అంబాసిడర్ వాళ్లే "టాప్‌లోనే లాగేస్తోంది చూడు" అని గొప్పకి పోయి ఉడకబెడతారు.

కమాన్‌పట్టీ

ఇది మా నాన్నగారిని అన్నట్టే ఉంది. నిజమే అనుకోండి.

ఉక్కునగరం

వేడెక్కడం అంటే నీళ్లు మరగడం ఒకటే కాదు. పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు పీల్చలేక బండి ఆగిపోతుంది. అనంతగిరి ఘాట్లో మా పెదనాన్న ఫియట్ అలా ఆగిపోతే ఆయన కంగారు పడకుండా దిగి, భుజం మీది తుండు తడిపి పెట్రోలు పంపు మీద చుట్టి, బీడీ ముట్టించారు. బీడీ అయ్యేసరికి బండి రెడీ. పెట్రోలు పంపు పక్కన బీడీ ఏమిటని ఇప్పుడు అనిపిస్తుంది గానీ అప్పుడెవరూ అడగలేదు.

వానాకాలం

అడిగినవాళ్లు బతికి లేరేమో 😂

ఫియట్_పిచ్చోడు

సరే, ఇక నా వంతు. ఇందాకటి నుంచి ఇంజను గురించే మాట్లాడుతున్నారు. కారంటే ఇంజను ఒక్కటేనా? మలుపులో ఎలా తిరుగుతుందో చూడండి.

సస్పెన్షన్ చూస్తే పద్మినికి ముందు విష్‌బోన్లు, కాయిల్ స్ప్రింగులు. పొడవు 3,930 మి.మీ., వెడల్పు 1,460. అంబాసిడర్ పొడవు 4,325, వెడల్పు 1,660 పైనే. ముందు టార్షన్ బార్లు, అంటే స్ప్రింగు బదులు మెలి తిరిగే కడ్డీలు. వెనక ఇద్దరికీ కమాను పట్టీలే. హెయిర్‌పిన్ మలుపులో అంబాసిడర్ ముక్కు ముందుకే పోతానంటుంది, వెనక సీటు జనం ఒకరి మీద ఒకరు పడతారు. పద్మిని చిన్నది, తేలిక, చెప్పిన చోటికి వస్తుంది. ఘాట్లో టైమంతా పోయేది మలుపుల్లోనే, ఎక్కడంలో కాదు.

కమాన్‌పట్టీ

స్టీరింగ్ సంగతి ఎందుకు దాటేశారు? అంబాసిడర్‌ది రాక్ అండ్ పినియన్. 1950ల డిజైన్లో రాక్! మీ ఫియట్‌ది పాత వర్మ్ పద్ధతి, అరిగాక స్టీరింగ్ అటూ ఇటూ ఆడించినా చక్రం కదలదు. గట్టిగా పట్టుకుని దేవుణ్ణి తలుచుకోవాలి.

ఫియట్_పిచ్చోడు

అరిగితే ఏదైనా అంతే. కొత్త బాక్సు వేస్తే వెన్నలా తిరుగుతుంది.

వానాకాలం

నేను గుంటూరులో పద్మిని నడుపుతున్నా, అమ్మ బండి. మగాళ్లంతా హార్స్‌పవర్ గురించి కొట్టుకుంటున్నారు గానీ ఒక్కరూ చెప్పని విషయం ఒకటుంది. పవర్ స్టీరింగ్ లేదు, బ్రేకుకి బూస్టర్ లేదు. బ్రాడీపేట సందుల్లో అంబాసిడర్‌ని పార్క్ చేసి చూడండి, మర్నాడు చెయ్యెత్తలేరు. మా బాబాయిది ఉంది, నడిపే చెప్తున్నా. పద్మిని 20 సెంటీమీటర్లు సన్నం. ఇంట్లో ఇంకెవరైనా నడపాలంటే, ముఖ్యంగా గోదారి_గట్టు గారి భార్య నడపాలంటే, నా ఓటు పద్మినికి.

గేరు గురించి కూడా చెప్పాలి. రెండిట్లోనూ స్టీరింగ్ పక్కనే గేరు కర్ర. మొదటి రెండు రోజులు నవ్వొస్తుంది, మూడో రోజు నుంచి హాయిగా ఉంటుంది. కానీ కింద లింకుల బుష్షులు అరిగితే సిగ్నల్ దగ్గర రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోతుంది. అమ్మకి ఇలా అయితే దిగి, బానెట్ ఎత్తి, లింకు చేత్తో లాగి, చెయ్యి తుడుచుకుని మళ్లీ ఎక్కేది. వెనక ఆటోవాళ్లు హారన్ కూడా మానేసి చూసేవాళ్లు.

ఊరకే_చూస్తున్నా

మీ అమ్మగారిని ఈ చర్చకి జడ్జిగా పెట్టండి. మిగతా అందరం వాదనలు ఆపేద్దాం.

మిడ్‌ల్యాండ్స్_తెలుగు

అంబాసిడర్ ఇంజను గురించి ఒక మాట. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడ పాత బండ్ల మేళాల్లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కనిపిస్తుంది. అదే మన అంబాసిడర్ తల్లి. పిల్లలకి చూపించి "ఇది తాతయ్య కారు" అంటే ఓనరు తెల్లబోయాడు.

అసలు విషయం: అదే 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజనుతో ఇక్కడ ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు పెట్టి, కొంచెం మార్చి, దాదాపు 70 హార్స్‌పవర్ తీశారు. అంటే లోపం ఇంజనుది కాదు. మన దగ్గర దాన్ని తక్కువ కంప్రెషన్‌తో, ఒకే కార్బురేటర్‌తో, నాసి పెట్రోలుతో కూడా నడిచేలా మెత్తబరిచారు. ఉత్తరపారా ఫ్యాక్టరీ కోరుకున్నది స్పీడు కాదు, ఎక్కడైనా రిపేరయ్యే బండి.

ఫియట్_పిచ్చోడు

అంటే స్పోర్ట్స్ కారు ఇంజను తెచ్చి కలెక్టరాఫీసు బండిలో పెట్టారు. మీరు మా వైపా, వాళ్ల వైపా?

చార్మినార్_చక్రం

ఇంజను గురించే అయితే అసలైనది 1990ల్లో వచ్చింది. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్. ఇసుజు ఇంజను, 1817 సీసీ, 75 హార్స్‌పవర్, ఐదు గేర్లు, గేరు కర్ర కిందికి వచ్చింది. మా మామయ్య దగ్గర ఉండేది. నర్సాపూర్ రోడ్డు మీద దాని పికప్ చూసి మారుతీ వాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. అదైతే పద్మిని దరిదాపుల్లోకి కూడా రాదు.

ఫియట్_పిచ్చోడు

అలాగైతే నేను ప్రీమియర్ వాళ్లదే 118ఎన్‌ఈ కారు దింపుతా. ఫియట్ 124 బాడీ, నిస్సాన్ 1171 సీసీ ఇంజను. రండి.

గోదారి_గట్టు

ఆగండి మహానుభావులారా. నా దగ్గర ఉన్నవి రెండే. తునిలో మార్క్ 3, కాకినాడలో పద్మిని. ఇసుజు లేదు, నిస్సాన్ లేదు.

లెక్కలమాస్టారు

బ్రేకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం.

ఆటోనగర్_66

రెండింటికీ నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే డ్రమ్ము కాలి, పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. ఈ విషయంలో తేలికపాటి బండికే లాభం, పద్మినికి ఆపాల్సిన బరువు 200 కిలోలు తక్కువ. అంబాసిడర్ 15 అంగుళాల చక్రాల మీద నడుస్తుంది, గోతుల్లో హాయి. పద్మినివి 14.

ఏది కొన్నా వెంటనే చేయించాల్సినవి: వీల్ సిలిండర్ కప్పులు, మాస్టర్ సిలిండర్ కిట్టు, రబ్బరు హోసులు, కొత్త బ్రేక్ ఆయిలు. బయటికి బాగున్నాయి కదా అని వదిలేయొద్దు. రబ్బరు లోపల ఉబ్బి ఉంటుంది. కింగ్ పిన్లకీ ముందు బుష్షులకీ గ్రీజు కొట్టించడం మర్చిపోవద్దు.

ఉక్కునగరం

కాగితాల సంగతి కూడా చూసుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఆర్‌సీ అయిదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 600 నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. బేరంలో దీన్ని లెక్కేసుకోండి.

చార్మినార్_చక్రం

అంబాసిడర్ 77 మోడల్ కదా. 50 ఏళ్లు నిండితే వింటేజ్ కింద వీఏ నంబరు తీసుకోవచ్చు. 2021లో రూలు వచ్చింది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000. దర్జాగా ఉంటుంది.

ఉక్కునగరం

దర్జానే. కానీ ఆ నంబరుతో మామూలుగా రోడ్డు మీద తిరగడానికి ఒప్పుకోరు. ర్యాలీ, ఎగ్జిబిషన్, పెట్రోలు కొట్టించుకోవడం, మెయింటెనెన్స్, అంతే. మారేడుమిల్లి పిక్నిక్ ఏ లెక్కలోకి వస్తుంది?

ఊరకే_చూస్తున్నా

అడవికోళ్ల ఎగ్జిబిషన్.

వానాకాలం

ఫియట్ చిన్నచూపు చూసేవాళ్లకి: లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానిగా ఉండి 12,000 పెట్టి కొన్నది ఫియటే. అందులో 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకు లోను. అంబాసిడర్ అంటే సర్కారు ఇచ్చే బండి, ఫియట్ అంటే సొంత డబ్బుతో కొనుక్కునే బండి.

కమాన్‌పట్టీ

2013లో టాప్ గియర్ వాళ్లు ప్రపంచంలో మేటి టాక్సీ ఏదని పోటీ పెడితే గెలిచింది అంబాసిడర్. ఊరికే చెబుతున్నా.

ఫియట్_పిచ్చోడు

టాక్సీ అంటే బొంబాయి. బొంబాయి టాక్సీ అంటే పద్మిని. 2023 అక్టోబరు దాకా తిరిగింది. నేనూ ఊరికే చెబుతున్నా.

ఆటోనగర్_66

గోదారి_గట్టు గారూ, ఈ ఊరికే చెప్పడాలు తెల్లారేదాకా ఆగవు. రెండు బండ్లవీ బానెట్ ఎత్తి ఫొటోలు తీయించి పెట్టండి. దూరం నుంచి వద్దు, దగ్గరగా.

గోదారి_గట్టు

తెప్పించా. మొదటి రెండు ఫొటోలు తుని అంబాసిడర్, తర్వాతి మూడు కాకినాడ పద్మిని. అంబాసిడర్ పెయింటు చూడండి, క్రీమ్ కలరు, అద్దంలా ఉంది. నిజం చెప్పాలంటే మనసు అటే లాగుతోంది.

ఆటోనగర్_66

అంబాసిడర్ రెండో ఫొటో పెద్దది చేసి చూడండి. ప్లగ్గు వైర్లు ఎక్కడున్నాయి?

గోదారి_గట్టు

అర్థం కాలేదు.

ఆటోనగర్_66

పెట్రోలు ఇంజనుకి డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది, దాని మూత నుంచి నాలుగు నల్లటి లావు వైర్లు నాలుగు ప్లగ్గులకి వెళ్తాయి. ఒకటి మధ్యలో కాయిల్‌కి. ఈ ఫొటోలో ఒక్క వైరూ లేదు. దాని బదులు సన్నటి ఇనుప గొట్టాలు నాలుగు వంపు తిరిగి ఇంజను మీదికి వెళ్తున్నాయి, చూశారా? అవి ఇంజెక్టర్ పైపులు. కార్బురేటర్ కూడా లేదు. అది డీజిల్ బండండీ. ఆ పంపుని బట్టి చూస్తే మెటాడోర్ వ్యాను ఇంజనులా ఉంది.

లెక్కలమాస్టారు

నా టన్నుకి 44.6 గోదాట్లో కలిసింది.

కమాన్‌పట్టీ

నేనూ చూశా. ఆటోనగర్ అన్న చెప్పింది నిజం, అది బి-సిరీస్ కాదు. ఆ రోజుల్లో డీజిల్ చవకని టాక్సీ వాళ్లంతా అలా మార్పించేశారు. మా ఊళ్లో సగం అంబాసిడర్లకి మెటాడోర్ గుండెలే. అద్దాలు డబడబ కొట్టుకునేవి, అందులో కూర్చుంటే మాట వినపడేది కాదు. కానీ నడిచేవి.

చార్మినార్_చక్రం

నడవడం వేరు, ఆర్‌సీ వేరు. ఆర్‌సీలో ఫ్యూయల్ ఏమని ఉంది? పెట్రోలని ఉండి లోపల డీజిల్ ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆ మార్పు రాయించి ఉండాలి. రాయించకపోతే రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఇంజను నంబరు కలవదు. ఇన్సూరెన్సు వాడు కూడా చేతులెత్తేస్తాడు.

గోదారి_గట్టు

ఫోన్ చేసి అడిగా. ఆర్‌సీలో పెట్రోలే. ఇంజను నంబరు గురించి అడిగితే "అవన్నీ మనవాడు ఆఫీసులో చూసుకుంటాడు, మీకెందుకు టెన్షన్" అన్నాడు. డీజిల్ అని ముందే ఎందుకు చెప్పలేదంటే "మీరు అడగలేదు కదా" అంటాడు! ప్రకటనలో పెట్రోలని రాసింది అతనే.

ఊరకే_చూస్తున్నా

పెయింటు మాత్రం అద్దంలా ఉంది.

ఫియట్_పిచ్చోడు

ఇదే మాట నేనంటే కొట్టేవాళ్లు. పద్మిని ఫొటోల్లో ప్లగ్గు వైర్లు నాలుగూ ఉన్నాయి, సోలెక్స్ కార్బురేటర్ ఉంది, మెకానికల్ పంపు ఉంది. వెళ్లి చూసి రండి. అయస్కాంతం తీసుకెళ్లండి. డోర్ల కింద పట్టీ, చక్రాల పైన వంపు, వెనక ఫ్లోరు. అయస్కాంతం అంటుకోని చోట ఇనుము లేదు, పుట్టీ ఉందని అర్థం. ఫియట్‌ని చంపేది ఇంజను కాదు, తుప్పు. అందులో కాకినాడ, సముద్రపు గాలి.

గోదారి_గట్టు

నిన్న కాకినాడ వెళ్లొచ్చా. బావ కూడా వచ్చాడు, తప్పులు వెతకడానికి.

డ్రైవరు వైపు కార్పెట్ ఎత్తితే ఫ్లోరులో అరచేయంత ప్యాచ్, వెల్డింగ్ చేసి ఉంది. మిగతా చోట్ల అయస్కాంతం పట్టింది. ఆయిల్ మూత లోపల తెలుపు లేదు. చల్లటి ఇంజను చోక్ లాగి సెల్ఫ్ కొడితే రెండోసారికి అందుకుంది. పొగ నీలంగా లేదు. సామర్లకోట దాకా నడిపా. మూడో గేరులో లాగుడు బాగుంది, నేననుకున్న దానికంటే చాలా చురుగ్గా ఉంది. బావ కూడా వెనక్కి వాలి కూర్చుని ఏమీ అనలేదు, అంటే నచ్చినట్టే. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలబడింది.

కానీ ఒక తేడా. రెండో గేరులో పోతూ ఏక్సిలేటర్ వదిలేస్తే గేరు దానంతట అదే న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. మూడుసార్లలో రెండుసార్లు. ఘాట్ దిగేది ఆ గేరులోనే కదా? ఇది బుష్షులా, గేర్‌బాక్సా?

ఆటోనగర్_66

తొక్కినప్పుడు నిలబడి, వదిలినప్పుడు జారుతోందంటే ఎక్కువగా బాక్సు లోపలే. సింక్రో స్లీవ్ పళ్లు అరిగి ఉండొచ్చు, లేదా సెలెక్టర్ స్ప్రింగు మెత్తబడి ఉండొచ్చు. లింకు బుష్షులు కూడా కారణం కావచ్చు, ముందు అవి మార్చి చూడండి, చవక. దానికీ తగ్గకపోతే బాక్సు దింపాల్సిందే. ఇది తేలేదాకా ఆ బండితో ఘాట్ దిగొద్దు, సరదాకి కూడా.

కమాన్‌పట్టీ

బేరంలో గేర్‌బాక్సు పని ఖర్చంతా తగ్గించమనండి. సామాను దొరకదని భయపడొద్దు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగండి, లేదంటే మద్రాసు పుదుపేట. అంబాసిడర్‌కి దొరికినంత సులువుగా దొరకవు, అది మాత్రం చెబుతా.

ఫియట్_పిచ్చోడు

కమాన్‌పట్టీ గారు ఫియట్ కొనమంటున్నారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

కమాన్‌పట్టీ

మెటాడోర్ బండి వద్దన్నా అంతే. మంచి పెట్రోలు మార్క్ 3 ఎక్కడైనా కనిపిస్తే గోదారి_గట్టు గారికి నేనే ఫోన్ చేస్తా.

గోదారి_గట్టు

ఓనరు పెద్దాయన, మర్యాదస్తుడు. గేరు సంగతి చెబితే "అవునండీ, అందుకే రెండో గేరులో ఉన్నప్పుడు నేను కర్ర మీద చెయ్యి వేసి పట్టుకుంటా" అన్నారు. లింకు బుష్షులు ఆయనే మార్పిస్తానన్నారు. తగ్గకపోతే బాక్సు ఖర్చు రేటులో తగ్గించుకోమన్నారు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు, వచ్చే ఆదివారం మళ్లీ నడిపి చూస్తా.

ఒక సందేహం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా. 86 బండికి ఏమన్నా అవుతుందా?

వానాకాలం

మాకైంది. పెట్రోలు హోసులు లోపల మెత్తబడి ఊడొచ్చాయి, కార్బురేటర్ జెట్టులో నల్లటి పొడి. ఒక షెడ్డులో నాలుగుసార్లు కార్బురేటర్ క్లీనింగ్ అని డబ్బులు గుంజారు గానీ హోసు విప్పి చూసినవాడు లేడు. చివరికి వేరే మేస్త్రీ చూసి హోసులన్నీ మార్చాడు.

ఆటోనగర్_66

పాత రబ్బరుకి అది పడదు. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఇథనాల్‌ని తట్టుకునే కొత్త హోసులు వేయించండి, పంపులో డయాఫ్రం మార్చండి, మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టండి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచొద్దు. మీకు ఆదివారం బండి కాబట్టి వారానికోసారైనా ఇంజను వేడెక్కేదాకా నడపండి. డయాఫ్రం కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని వెళ్లండి, కొలత తేడా ఉన్నవి అంటగడతారు.